కెమెరా కొనబోతున్న మిత్రుడికి

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ఎదుటి గోడ కన్నంలో పిచ్చుకలు గూడు కట్టాయనీ, వాటి కోసం ఒక చిన్న కెమెరా, అదీ చవకలో, కొంటాననీ రెండు పేజీలు రాశావు. తీరా చివర అడిగింది ఒకటే: 16 మెగాపిక్సెళ్లు చాలా, 20 ఉండాలా అని! (పిక్సెల్ అంటే బొమ్మలో ఒక చుక్క, మెగాపిక్సెల్ అంటే అలాంటివి పది లక్షలు.) 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ చేసిన డిజిటల్ కెమెరాలో ఉన్నవి పదివేల పిక్సెళ్లు. ఒక్క ఫొటోను కేసెట్‌లోకి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేది. నీకేమో కోటీ అరవై లక్షలు చాలవు.

నాలుగు అంగుళాలకు ఆరు అంగుళాల ఫొటో అచ్చు వేయించాలంటే రెండు మెగాపిక్సెళ్లు దాటితే చాలురా. అసలు సంగతి సెన్సర్, అంటే కెమెరా లోపల వెలుతురును బొమ్మగా పట్టే చిప్పు. ఈ తరహా కెమెరాల్లో ఎక్కువగా అది సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగున్నర ఎత్తు ఉంటుంది. చిటికెన వేలి గోరంత కూడా కాదు. అందులో 16 ఇరికించినా 20 ఇరికించినా పడే వెలుతురు అంతే. మసక వెలుతురులో తీస్తే బొమ్మంతా రవ్వ చల్లినట్టు వస్తుంది. కనుక పగలు తియ్యి.

మరి ఫోను ఉండగా ఇదెందుకు అంటే, జూమ్ కోసం. పెట్టె మీద రెండు అంకెలు వేస్తారు. ఆప్టికల్ జూమ్ ఒక్కటే చూడు, అక్కడ కటకాలు నిజంగా కదులుతాయి. డిజిటల్ జూమ్ అంటే తీసిన బొమ్మలో ముక్క కత్తిరించి సాగదీయడం, ఆ పని ఇంట్లో కంప్యూటర్ మీద కూర్చుని చేసుకోవచ్చు. జూమ్ పూర్తిగా లాగితే కటకంలోకి వచ్చే వెలుతురూ తగ్గుతుంది. దాన్ని ఎఫ్ అంకెతో చెబుతారు, అంకె పెరిగితే వెలుతురు తగ్గినట్టు. ఎఫ్ 3 నుంచి ఎఫ్ 6కి పోతే మిగిలేది నాలుగో వంతే. అప్పుడు షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, ఈలోగా నీ చెయ్యి వణుకుతుంది. (నీ చేతి సంగతి నాకు తెలుసు, టీ కప్పు పట్టుకుంటే సాసరు మోగుతుంది.) అందుకే ఆప్టికల్ స్టెబిలైజేషన్ లేనిది కొనకు. అయితే అది నీ చేతి వణుకునే ఆపుతుంది, పిచ్చుకను కాదు.

బటన్ సగం నొక్కి ఫోకస్ కుదిరాక మిగతా సగం నొక్కు. ఒక్కసారిగా నొక్కేస్తే తోక మాత్రమే దొరుకుతుంది. ఫ్లాష్ మాత్రం ఆపేసెయ్. దాని వెలుగు మూడు నాలుగు మీటర్లు దాటదు, పైగా పిట్టలు బెదురుతాయి. బ్యాటరీ ఇంకొకటి తీసుకో. మిగతా హంగులన్నీ రెండు రోజుల ముచ్చట.

ఒక్క జాగ్రత్త. నా మొదటి కెమెరాను సంచిలో పడేసుకుని తిరిగాను. లోపల ఏదో తగిలి ఆన్ అయి, కటకం ముక్కు బయటికి తోసుకు రాబోయి ఇరుక్కుపోయింది. మళ్లీ లోపలికి వెళ్లలేదు. నీ కెమెరాకు గట్టి ఒర కూడా కొను.

త్వరగా తేల్చుకో. పిల్లలు పుట్టాక సుమారు రెండు వారాల్లో ఎగిరిపోతాయి. నువ్వింకా 16, 20 అని లెక్క పెడుతూ కూర్చుంటే నాకు ఖాళీ గోడ ఫొటో పంపుతావు.

నీ
చాదస్తపు మిత్రుడు