గ్రంథదానానికి షరతు రాయండి

సంపాదకుడు గారికి,

పెద్దాయన పోయాక ఆయన పుస్తకాల బీరువాలను ఊరి గ్రంథాలయానికి అప్పగించి, శాలువా కప్పించుకుని, ఫొటో దిగి వచ్చిన కుటుంబాల వార్తలు తరచూ చదువుతుంటాం. ఇవ్వడం మంచిదే. కానీ ఏ పుస్తకాలు ఇచ్చారో ఒక జాబితా అయినా ఉంటుందా అన్నది నా అనుమానం. గ్రంథాలయాల్లో పని చేసి రిటైరైనవాణ్ణి కనుక ఈ అనుమానం ఊరికే వచ్చింది కాదు.

ఇంగ్లండులో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు (అక్కడి చర్చికి పెద్ద) మాథ్యూ పార్కర్ 1572లో అక్కడి చర్చి చరిత్రను లాటిన్‌లో అచ్చు వేయించాడు. తొలి ఆర్చిబిషప్పు అగస్టీన్ నుంచి తన దాకా డెబ్బై మంది కథ అది. అమ్మకానికి కాదు, తనవాళ్లకు పంచడానికే. మరుసటి ఏడు మంత్రి బర్లీకి ఒక ప్రతి పంపుతూ, దేశం మొత్తంలో నలుగురికైనా దీన్ని ఇవ్వలేదని, బతికున్నంత కాలం దిద్దుకుంటూ ఉంటానని, కాదంటే తగలబెట్టేస్తానని రాశాడు. అందుకే మిగిలిన కొద్ది ప్రతుల్లో ఒకటి ఉన్నట్టు ఇంకొకటి ఉండదు. మొదటి ఎలిజబెత్ రాణి ప్రతి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఆకుపచ్చ మఖమలు అట్ట మీద కంచె కట్టిన వనం, లోపల జింకలు, నడుమ గులాబీ పొద, అంతా కుట్టుపనే.

అంత అపురూపమైన పుస్తకం కన్నా పార్కర్ రాసిన దానపత్రమే నాకు ముఖ్యం. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దు చేశాక వాటి గ్రంథాలు చిల్లర కొట్లలో పొట్లాల పాలయ్యాయి. బూట్లు తుడవడానికీ వాడారు. అలా చెదిరిన రాతప్రతులను పార్కర్ పోగు చేశాడు. (వాటి మీద ఎర్ర సుద్దతో గీతలు గీయడం, ఆకులు అటూ ఇటూ మార్చడం ఆయనకూ అలవాటే. మహానుభావుడే కానీ మడి కట్టుకున్నవాడేమీ కాదు.) 1575లో చనిపోతూ వాటిని కేంబ్రిడ్జిలోని కార్పస్ క్రిస్టీ కళాశాలకు వదిలాడు. దానపత్రంలో షరతులు ఇవీ: ఏటా మరో రెండు కళాశాలల పెద్దలు వచ్చి లెక్క చూడాలి. నిర్లక్ష్యం వల్ల పెద్ద సైజువి ఆరో, మధ్య రకంవి ఎనిమిదో, చిన్నవి పన్నెండో పోయి, ఆరు నెలల్లో దొరకకపోతే మొత్తం సేకరణ పక్క కళాశాల పరం. దానితో పాటు తాను ఇచ్చిన వెండి సామాను కూడా! పుస్తకాలు పోతే ఉలకనివాళ్లు వెండి పోతుందంటే ఉలిక్కిపడతారని ఆ ముసలాయనకు తెలుసు. నాలుగు వందల యాభై ఏళ్లుగా ఆ సేకరణ అక్కడే ఉంది. 2018 నుంచి ఆ రాతప్రతులను ఎవరైనా ఉచితంగా ఇంటర్నెట్‌లో చూడవచ్చు.

మన దగ్గర స్టాకు తనిఖీ అంటే ఆ గ్రంథాలయం సిబ్బందే తమ రిజిస్టరులో తాము టిక్కులు పెట్టుకోవడం. దానంగా వచ్చిన పుస్తకాలు చాలాసార్లు ఆ రిజిస్టరుకే ఎక్కవు. ఎక్కని పుస్తకం తూకానికి వెళ్లినా అడిగేవారుండరు. ఉద్యోగులను తిట్టి లాభం లేదు, పోస్టులే ఖాళీగా ఉన్న చోట ఎవరు ఎక్కిస్తారు?

కాబట్టి ఇచ్చేవారే గట్టిగా ఉండాలి. రెండు ప్రతుల్లో జాబితా, ఏటా బయటివారి తనిఖీ, ఇన్ని పోతే సేకరణ ఫలానా సంస్థకు వెళ్లాలన్న షరతు: ఈ మూడూ లేకుండా బీరువా తాళం చేతికివ్వకండి. నమూనా దానపత్రం ఒకటి జిల్లా గ్రంథాలయ సంస్థలే అచ్చు వేసి అందుబాటులో ఉంచితే సగం పని అయిపోతుంది.

– ఒక విశ్రాంత గ్రంథాలయ ఉద్యోగి, రాజమహేంద్రవరం