పేరు చెప్పవద్దన్న దాతకు కృతజ్ఞతలు

తిరుపతిలోని మా బాలల సదనంలో పెరిగి, ఈ ఏడాది ఇంటర్మీడియట్ పూర్తిచేసిన ఇద్దరు ఆడపిల్లల పైచదువుల ఖర్చంతా భరిస్తామని ముందుకు వచ్చి, తమ పేరు ఎక్కడా రాయవద్దని కోరిన దాతకు సదనం తరఫున మనఃపూర్వక కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాము.

2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండేవరకే పిల్లలకు సదనంలో ఆశ్రయం ఉంటుంది. ఆ తరువాత 21 ఏళ్ల వరకు తోడ్పాటు ఇచ్చే వీలును అదే చట్టం కల్పించినా, సరిగ్గా కాలేజీలో చేరే వేళకే తలదాచుకునే చోటు మారిపోవడం వారికి ఎంత దిగులో దగ్గరుండి చూసినవారికే తెలుస్తుంది. బోధన రుసుముకు ప్రభుత్వ సాయం అందినా, హాస్టల్ డిపాజిట్, మెస్ బిల్లు, రికార్డు పుస్తకాలు, పరీక్ష ఫీజు వంటివాటికి చేతిలో డబ్బు ఉండాలి. ఆ సంగతి మీరు అడిగి తెలుసుకుని, నెలనెలా చేతిఖర్చును కూడా పిల్లల ఖాతాల్లోనే జమ చేస్తున్నారు. సబ్బుకో బస్సు ఛార్జీకో ఒకరి ముందు చేయి చాపే అవసరం తప్పించడం, మా దృష్టిలో, ఫీజు కట్టడానికి ఏమాత్రం తీసిపోని సాయం.

ఒకరు 1983లో స్థాపించిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చేరారు. నర్సింగ్‌లో చేరిన రెండో అమ్మాయి, మీరు పంపిన డబ్బుతో కొన్న తెల్లకోటు జేబు మీద తన పేరును ఎర్రదారంతో తానే కుట్టుకుంది. ప్రతి సెమిస్టరు మార్కుల వివరాలు మీకు తప్పక పంపుతాము. ఈసారి పిల్లలు స్వయంగా రాసిన ఉత్తరాలు కూడా జతచేస్తున్నాము, దయచేసి స్వీకరించండి.