ఆగస్టు 15 జమా ఖర్చులు: చీరాలలో మన వీధి జెండా దిమ్మె లెక్క

చందాలు ఇచ్చిన వాళ్లందరికీ నమస్కారం. వారంలో లెక్క చెబుతామని మాట ఇచ్చి పది రోజులు ఆలస్యం చేశాం, టెంట్ హౌస్ బిల్లు చేతికి వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది, మన్నించండి.

ముందు జమ. పోయినేడు మిగిలిన నిల్వ 3,140. రసీదు పుస్తకాలు రెండు, మొత్తం వంద రసీదులు. వాటిలో 87 చింపి ఇచ్చాం, రాత తప్పిన 2 కొట్టేసి పుస్తకంలోనే ఉంచాం, 11 ఖాళీగా ఉన్నాయి. రసీదుల మీద వచ్చింది 31,450, ఫోన్‌పేలో 14,300, ఆ రోజు దిమ్మె పక్కన పెట్టిన డబ్బాలో 1,860. అన్నీ కలిపి 50,750 రూపాయలు. తన ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ వేయిస్తే పదివేలు ఇస్తానని ఒకాయన అన్నారు. దిమ్మె దగ్గర ఎవరి ఫొటోలూ ఉండకూడదని మొదటి మీటింగ్‌లోనే అనుకున్నాం కాబట్టి వద్దన్నాం. చీరాల-పేరాల ఉద్యమాన్ని నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి పటం ఒక్కటే పెట్టాం.

ఇక ఖర్చు. ఎక్కువమంది అడుగుతున్నది దిమ్మె గురించే. నాలుగు వేలలో అయిపోతుందనుకున్నది 7,850 అయింది. పైన పగులు చిన్నదే అనుకున్నాం, మేస్త్రీ ఉలి పెట్టి కొడితే రెండు మెట్లు పెళ్లలుగా ఊడొచ్చాయి, లోపల ఇటుక నానిపోయి ఉంది. సిమెంటు, ఇసుక, కూలి, రంగులు అన్నిటికీ చీటీలున్నాయి. 14వ తేదీ రాత్రి రిహార్సల్ చేస్తుంటే జెండా సగం దూరం వెళ్లి ఆగిపోయింది. ఎంత లాగినా కదల్లేదు, అందరికీ ఒకటే టెన్షన్. నిచ్చెన వేసుకుని ఎక్కి చూస్తే కప్పీ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. రాత్రి తొమ్మిదింటికి హార్డ్‌వేర్ షాపు తీయించి కొత్త కప్పీ, నైలాన్ తాడు తెచ్చాం, 1,120. తెల్లారి జనం ముందు అలా ఆగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయమేస్తోంది.

ఖాదీ జెండా, ఆరడుగులకు నాలుగడుగులు, 2,400. జెండా నియమాలు చెప్పే ఫ్లాగ్ కోడ్‌కు 2021 చివర్లో చేసిన సవరణతో పాలిస్టర్ జెండాలకూ అనుమతి వచ్చింది, అందులో సగం ధరకే వచ్చేది కదా అని కొందరన్నారు. నిజమే. కానీ మగ్గాల ఊళ్లో ఉంటూ మర జెండా కట్టడానికి మాకు మనసొప్పలేదు. అంచు చిరిగిన పాత జెండాను ఫ్లాగ్ కోడ్‌లో చెప్పినట్టే, నలుగురం ఒక పెరట్లో మర్యాదగా కాల్చాం, దానికి ఖర్చేమీ లేదు.

టెంటు, కుర్చీలు, మైకు 9,500. వాన పడేలా ఉందని చివర్లో తెప్పించిన టార్పాలిన్లు 1,500. లడ్డూలు 600, ఒక్కోటి 12 చొప్పున 7,200. చాక్లెట్లు 900, పూలు 1,650, రసీదు పుస్తకాలు, కరపత్రాల ప్రింటింగ్ 1,300. పిల్లల వ్యాసరచన, పాటల పోటీల బహుమతులకు 4,360. ఆటోలు, సామాను మోసిన కూలి 1,270. ఈ ఆఖరుదానికి మాత్రం బిల్లులు లేవు, తారీఖు వేసి ఇద్దరం సంతకాలు చేసిన కాగితమే ఉంది.

తెల్లవారుజామున నాలుగింటికే వచ్చి సెంటరంతా ఊడ్చిన పారిశుద్ధ్య కార్మికులు 12 మందికి నేత బట్టలు పెట్టాం, మనిషికి 750 చొప్పున 9,000. ఇది అనవసర ఖర్చని ఒకరిద్దరు అన్నారు. మా దృష్టిలో మొత్తం లెక్కలో అన్నిటికంటే సరైన ఖర్చు ఇదే. వాళ్లలో ఒకామె చీర మడత విప్పకుండానే అంచు తడిమి చూసి, ఇది మా మేనమామ వాళ్ల మగ్గం పనిలాగే ఉందమ్మా అంది.

మొత్తం ఖర్చు 48,050. చేతిలో నిల్వ 2,700, కోశాధికారి దగ్గర ఉంది, జనవరి 26కి వాడతాం.

ఇంత చిల్లర లెక్క ఎందుకని అడిగిన కుర్రాళ్లకు ఒక్క మాట. మున్సిపాలిటీ పన్నులకు ఎదురుతిరిగి 1921లో ఇదే ఊరి జనం ఇళ్లూ వాకిళ్లూ వదిలేసి ఊరి బయట రామ్‌నగర్‌లో పాకలు వేసుకుని సుమారు 11 నెలలు ఎండకీ వానకీ ఉన్నారు, గోపాలకృష్ణయ్యగారు, రామదండు అనే ఆయన వాలంటీర్ల దళం వెంట ఉండి నడిపించారు. అలాంటి ఊళ్లో ఇంటింటికీ తిరిగి డబ్బు అడిగి, ఏం చేశామో చెప్పకుండా ఎలా ఉంటాం?

బిల్లుల ఫైలు, రసీదు పుస్తకాలు ఈ నెలాఖరుదాకా ప్రతి సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు దిమ్మె ఎదురుగా ఉన్న అరుగు మీద ఉంటాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఫోన్‌పేలో 500, 500, 251 పంపిన ముగ్గురి పేర్లు మాకు తెలియలేదు. మీరెవరో చెబితే ఖాళీగా ఉన్న ఆ 11 రసీదుల్లోంచి మీ పేరున రాసిస్తాం.