తలుపు తెరిచేదాకా కారు దిగనివ్వకండి

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన ఆదివారం తెలుగు బడికి తాళం తీయడం పది నిమిషాలు ఆలస్యమైంది. తప్పు మాదే. వాళ్ల నాన్న దింపేసి వెళ్లిపోవడంతో ఒకటో తరగతి బాబు ఒకడు బయటే చలిలో నిలబడిపోయాడు. గ్లవ్స్ కారులో ఉండిపోయాయట. లోపలికొచ్చాక చూస్తే రెండు వేళ్ల కొసలు పాలిపోయి ఉన్నాయి, ముట్టుకున్నా తెలియడం లేదు. గోరువెచ్చని నీళ్లలో పెట్టించాం. కాసేపటికి మంటెక్కి ఏడుపు అందుకున్నాడు. వాడు ఏడ్చాకే నా ప్రాణం కుదుటపడింది.

"కారులోనే కదా వెళ్లేది" అని మనందరం అనుకుంటాం. షికాగోలో మొదటి చలికాలం నేనూ అలాగే అనుకున్నాను. ఫోన్‌లో ఉష్ణోగ్రత చూస్తాం కానీ కిందనే ఉండే విండ్ చిల్ అంకె, అంటే గాలి వల్ల ఒంటికి ఎంత చలిగా అనిపిస్తుందో చెప్పే అంకె, చూడం. వేడి పాలను ఊదితే త్వరగా చల్లారతాయి కదా, ఇదీ అంతే. ఒంటిని అంటుకుని ఉండే వెచ్చటి గాలి పొరను ఈదురుగాలి ఎప్పటికప్పుడు ఎత్తుకుపోతుంది. సున్నా ఫారెన్‌హీట్‌లో గంటకు 15 మైళ్ల గాలి వీస్తే, ఒంటికి అది మైనస్ 19 లెక్క. అరగంటలో చర్మం గడ్డకట్టొచ్చు. 2019 జనవరి 30న ఇక్కడ మైనస్ 23కి పడిపోయింది. ఆ రోజు గాలి కూడా తోడై మైనస్ 50 దాకా అనిపించింది. అలాంటప్పుడు పది నిమిషాలు కూడా ఎక్కువే.

ఆదివారం తలస్నానం మన అలవాటు, మానమనను. జుట్టు పూర్తిగా ఆరాకే పంపండి. వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే మిట్టెన్స్, విడివిడి గ్లవ్స్ కంటే వెచ్చగా ఉంటాయి. చిన్నపిల్లలకు లావు కోటు మీద కార్‌సీట్ బెల్టు పెట్టకండి, బెల్టు వదులైపోతుంది. ముందు బెల్టు పెట్టి, కోటు పైన కప్పండి. వేళ్లు తిమ్మిరెక్కి తెల్లబడితే మాత్రం రుద్దొద్దు, హీటర్ దగ్గర పెట్టొద్దు. గోరువెచ్చని నీళ్లలో పెట్టి, రంగు, స్పర్శ తిరిగి రాకపోతే డాక్టరుకు చూపించండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు చెత్త పడేయడానికి చెప్పులతోనే బయటికెళ్తుంటారు, వాళ్లకూ చెప్పండి.

ఇకపై 9:30కల్లా తలుపు తీసి ఉంటుంది. పిల్లలు లోపలికి వెళ్లాకే కారు కదిలించండి. విండ్ చిల్ మైనస్ 20 కంటే తగ్గేలా ఉంటే శనివారం రాత్రే వాట్సాప్‌లో చెప్తాం, ఆ ఆదివారం క్లాసు ఆన్‌లైన్‌లోనే. తలుపు పక్కన బుట్టలో అదనపు మిట్టెన్స్ పెట్టాం. తీసుకెళ్లినవాళ్లు తిరిగి ఇవ్వకపోయినా ఫర్వాలేదు.

మీ
ప్రధానోపాధ్యాయిని