పండుగ వంటల పుటలో కొలతలతో పాటు గుర్తులు కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

ధనుర్మాసం ప్రవేశించింది, మరో నాలుగు వారాల్లో భోగి. ఏటా మీ ఆదివారం అనుబంధంలో వచ్చే సంక్రాంతి పిండివంటల పుటను కత్తిరించి దాచుకునే పాఠకురాలిని నేను. ఆ పుట విషయంలో ఒక విన్నపం ఉంది. పాతకాలపు వంటలను ప్రచురించేటప్పుడు పదార్థాల పట్టికతో సరిపెట్టకుండా, వంట ఏ దశలో ఎలా ఉండాలో చెప్పే గుర్తులను కూడా రాయించండి. ఆ పుటను పండుగకు కనీసం రెండు వారాల ముందే ఇవ్వండి. అరిసెల బియ్యం ముందురోజే నానాలి కాబట్టి, పండుగనాటి ఉదయం వచ్చిన విధానం చదువుకోవడానికి పనికొస్తుందే తప్ప వండుకోవడానికి పనికిరాదు.

ఇలా అడగడానికి కారణం కిందటి సంక్రాంతికి మా ఇంట్లో జరిగిన సంగతి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయి పెళ్లయ్యాక మొదటిసారి తన చేతులతో అరిసెలు చేయాలని ఎంతో ఇష్టంగా పూనుకుంది. ఎక్కడో అచ్చయిన విధానంలో బియ్యప్పిండి రెండు కప్పులు, బెల్లం ఒక కప్పు, పాకం వచ్చేవరకు మరిగించాలి అని మాత్రమే ఉంటే, అంగట్లో పొడిపిండి పొట్లం కొని అలాగే చేసింది. రాత్రి పదిగంటలకు ఫోన్ చేసి, "అమ్మా, నూనెలో వేయగానే అరిసె ఇసుకలా విడిపోతోంది, నేనేం తప్పు చేశాను?" అని అడిగినప్పుడు దాని గొంతులో ఏడుపు వినిపించింది. తప్పు దానిది కాదు. చెప్పవలసిన రెండు మాటలు ఆ విధానంలో లేవు.

మొదటిది పిండి సంగతి. అరిసెలకు తడిపిండి కావాలి. బియ్యం ముందురోజు నానబోసి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చి, మర్నాడు వడకట్టి, గుడ్డమీద కాసేపు ఆరబోసి, చెమ్మ పూర్తిగా పోకముందే దంచుకోవాలి, లేదా మరపట్టించుకోవాలి. జల్లించిన పిండిని గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్దగా నిలబడాలి. పాకం సిద్ధమయ్యేలోపు ఆ చెమ్మ ఆరిపోకుండా మా అమ్మ పిండిని గిన్నెలో అదిమి, పైన తడిగుడ్డ కప్పి ఉంచేది. రెండోది పాకం సంగతి. పళ్లెంలో చన్నీళ్లు పోసి, మరుగుతున్న పాకం చుక్క ఒకటి అందులో వేసి వేళ్లతో దగ్గరకు తీస్తే మెత్తని ఉండ కావాలి. వేళ్ల మధ్య జారిపోతే అది లేతపాకం, అరిసె నూనెలో విచ్చిపోతుంది. ఆ ఉండను పళ్లేనికేసి కొట్టినప్పుడు టంగుమంటే పాకం ముదిరినట్టు. వేరుశనగ ఉండలకైతే అది సరిపోతుంది గానీ అరిసెలు మాత్రం రాళ్లవుతాయి. ఈ రెండింటికీ నడుమ ఉండేది ఒకటి రెండు నిమిషాలే. అందుకే పొయ్యి దగ్గర ఇద్దరుండాలి. పాకం దించగానే ఒకరు పిండి పోస్తుంటే రెండోవారు తెడ్డుతో ఆపకుండా కలిపితేనే చలిమిడి ఉండకట్టకుండా వస్తుంది. ఇంత ముఖ్యమైన సంగతిని "పాకం వచ్చేవరకు" అనే రెండు మాటల్లో తేల్చేస్తే, అమ్మ పక్కన లేని పిల్లకు అది ఎలా తెలుస్తుంది?

సకినాల విషయంలోనూ ఇంతే. వరంగల్‌లో ఉండే మా వియ్యపురాలు సకినాలు చుడుతుంటే పక్కన కూర్చుని చూశాను. తడిపిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, పిండి వేళ్ల మధ్య నుంచి తెగకుండా దారంలా జారేంతవరకు ఆవిడ నీళ్లు చిలకరిస్తూనే ఉన్నారు. పొడిగుడ్డ మీద చుట్టలు చుట్టి, గుడ్డ ఆ తడిని కొంత పీల్చుకున్నాక, విరగకుండా ఎత్తి నూనెలో వేశారు. "వదినా, గుడ్డ తడి పీల్చకముందే ముట్టుకుంటే చెయ్యికి అంటుకుంటది" అని ఆవిడ చెప్పిన ఆ ఒక్క మాట నేను చదివిన ఏ విధానంలోనూ కనిపించలేదు.

ఇక కొలతలు. మా అమ్మ తన వంటల పుస్తకంలో అరిసెలకు "మానికెడు బియ్యం, అరవీశె బెల్లం" అని రాసుకుంది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని మా తరానికి నోటికి వచ్చు. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చాక గ్రాములు, కిలోలు అలవాటై, ఈ పేర్లు ఒక్కొక్కటిగా వంటింటి నుంచి తప్పుకున్నాయి. వీశె అంటే సుమారు 1.4 కిలోలు కాబట్టి అరవీశె 700 గ్రాములని లెక్క కట్టవచ్చు. కానీ సోల ఊరికొక తీరుగా ఉండేది. అందుకని అమ్మ వాడిన ఇత్తడి సోలనే తీసి, బియ్యం తలకొట్టి పోసి తూచాను, పావుకిలోకు కాస్త పైన తూగింది. అంటే కిలోకు కొంచెం ఎక్కువ బియ్యానికి 700 గ్రాముల బెల్లం. ఆ లెక్కతో చేసిన అరిసెల్లో నాకు అమ్మ చేతి రుచి తెలిసింది. పాత విధానాలు అచ్చువేసేటప్పుడు పాత కొలతను తీసేయకుండా, దాని పక్కన గ్రాముల్లో ఎంతో వేస్తే రెండు తరాలకూ ఉపయోగపడుతుంది.

ఈలోపు క్రిస్మస్ కూడా వస్తోంది. ఆ వారం మీరిచ్చే కేకు విధానాలన్నీ ఓవెన్ ఉన్నవారికే. మేము గుంటూరులో ఉన్నప్పుడు పక్కింటి పిన్నిగారు అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నెలో ఇసుక పోసి, బాగా వేడెక్కాక కేకు డబ్బాను అందులో దించి, మూతపెట్టి సన్నని సెగ మీద ఉంచేవారు. ఈనెపుల్ల గుచ్చి తీస్తే పిండి అంటకూడదు, అదే ఆవిడకు గుర్తు. గులాబీపువ్వుల అచ్చును ముందు నూనెలో కాగనిచ్చి, ఆపైన పిండిలో ముప్పావు వంతే ముంచాలని నేర్పింది కూడా ఆవిడే. అచ్చు పూర్తిగా మునిగితే పువ్వు ఊడిరాదు. సెగ కింద నుంచీ పైనుంచీ అందేలా కాల్చడం తెలుగు ఇళ్లకు కొత్తేమీ కాదు. మినపరొట్టెను మందపాటి గిన్నెలో పోసి, కింద నిప్పులు, మూత మీద నిప్పులు పెట్టి కాల్చిన పెద్దవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ఓవెన్ లేని ఇళ్ల కోసం ఈ పద్ధతులను కూడా వారి చేత చెప్పించి రాయించండి.

పాఠకుల ఇళ్లలో ఉన్న ఇలాంటి పాత వంటల పుస్తకాలను పంపమని మీరొక ప్రకటన వేస్తే చాలామంది స్పందిస్తారని నా నమ్మకం. నా వంతుగా అమ్మ రాసుకున్న అరిసెల పుట నకలును ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. అదే పుస్తకంలోని మరొక పుట నకలును కూడా పంపుతున్నాను. దాని మీద "తాటిరొట్టె" అని శీర్షిక, కింద "పెద్దమ్మ చేసినట్టు" అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ లేదు. ఆ పెద్దమ్మ ఇప్పుడు లేదు, అమ్మా లేదు. తాటిపండు గుజ్జులో బియ్యపురవ్వ, బెల్లం కలిపి కాలుస్తారని తెలుసు గానీ, గుజ్జుకు రవ్వ ఎంత పడుతుందో, చేదు పోవడానికి ఏం చేస్తారో, రొట్టె కాలిందని ఏ గుర్తును బట్టి తెలుసుకుంటారో నాకు తెలియదు. తాటిపండ్లు వచ్చేది శ్రావణ భాద్రపదాల్లో కాబట్టి వ్యవధి చాలా ఉంది. ఇప్పటికీ ఆ రొట్టె చేస్తున్న ఇళ్లవారు ఎవరైనా మీ పత్రిక ద్వారా ఆ వివరాలు తెలియజేస్తే, ఆ ఖాళీ పుటలో రాసుకుంటాను.

— ఒక పాఠకురాలు, తెనాలి