మేక ముట్టని ఆకు

మెల్‌బోర్న్

ఒరేయ్ సూరీ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. "వచ్చే జన్మంటూ ఉంటే కోలాగా పుట్టాలిరా, తినడం, కొమ్మ మీద పడుకోవడం, ఈఎంఐ లేదు, జీఎస్టీ లేదు" అన్నావు చూడు, దానికి నిమిషంలో జవాబు చెప్పలేను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మధ్యాహ్నం పూట మెడికల్ షాపులో గిరాకీ తగ్గాక చదువుకో. ఈ ఆస్ట్రేలియా చెట్ల మీద బతికే జంతువు కోలాది సుఖమైన బతుకని నువ్వే కాదు, ఇక్కడికొచ్చే టూరిస్టులు కూడా అనుకుంటారు. నాకైతే అంత ఇరుకు బతుకు ఇంకో జంతువుకి ఉందా అనిపిస్తుంది.

నీకు బాగా తెలిసిన చెట్టుతోనే మొదలుపెడతాను. బాబాయి వేసిన జామాయిల్ తోట, అంటే యూకలిప్టస్. ఊళ్ళో మేకలు తుమ్మ కొమ్మలు వదలవు, గోడ మీద సినిమా పోస్టర్లు కూడా పీకి తినేస్తాయి. అలాంటివి ఆ తోటలో దూరినా కింద ఉన్న నాలుగు గడ్డిపోచలు కొరుక్కుని పోతాయే గానీ జామాయిల్ ఆకు మీద మూతి పెట్టవు. ఆ చెట్లు పుట్టింది ఈ దేశంలోనే. మన దగ్గర పేపరు మిల్లుల కోసం వేసినవి ఎక్కువగా టెరెటికోర్నిస్, కమాల్డులెన్సిస్ అనే రెండు జాతులు, వాటి సంకరాలు. ఇక్కడ వాటిని ఫారెస్ట్ రెడ్ గమ్, రివర్ రెడ్ గమ్ అంటారు. మొదటిది క్వీన్స్‌ల్యాండ్ కోలాలకి ఇష్టమైన తిండి. రెండోది మాకు దగ్గర్లో ఉన్న యూ యాంగ్స్ కొండల్లో కోలాలు తింటాయి. అంటే కోలాని తెచ్చి మీ తోటలో వదిలితే దానికి తిండికి లోటుండదన్నమాట. మే నెల ఎండకి బతుకుతుందా అంటే మాత్రం చెప్పలేను.

మేక ఎందుకు తినదో షాపులో కూర్చున్న నీకు ఇంకా బాగా తెలియాలి. నువ్వు అమ్మే నీలగిరి తైలం సీసా మీద తాగకూడదని రాసి ఉంటుంది కదా. జలుబు చేస్తే ఆవిరి పట్టుకునే ఆ ఘాటు, చెట్టు తన ఆకుల్ని ఎవరూ తినకుండా తయారుచేసుకున్న మందు. తైలంతో పాటు టానిన్లు, ఇంకా రకరకాల ఫినాల్ పదార్థాలు ఆ ఆకులో ఉంటాయి. పోనీ అవన్నీ ఓర్చుకుని తిన్నా దక్కేదేముంది? మాంసకృత్తులు తక్కువ, పీచు ఎక్కువ. అందుకే ఆ ఆకు జోలికి పెద్దగా ఎవరూ రారు. పాసమ్‌లు, గ్లైడర్‌లు అనే చెట్లెక్కే చిన్న జంతువుల్లో కొన్ని రకాలు తింటాయి. కోలా అయితే దాదాపు దాని మీదే బతుకుతుంది. పోటీ లేని తిండి ఎంచుకుంది, దాని ఖరీదు ఒళ్ళంతా కడుతోంది.

మొదట లివర్. 2018లో కోలా జీనోమ్, అంటే దాని జన్యువుల సమాచారం మొత్తం చదివారు. సైటోక్రోమ్ పి450 అనే ఎంజైమ్‌ల కుటుంబం ఉంది కదా, మన ఒంట్లో మందుల్ని విరగ్గొట్టేది, నువ్వు డీఫార్మసీలో బట్టీ పట్టి తిట్టుకున్నది, అందులో ఒక గుంపు జీన్లు కోలాలో బాగా పెరిగిపోయి కనిపించాయి. విషాన్ని ఎప్పటికప్పుడు విరిచి బయటికి పంపే ఏర్పాటు అది. ఇందులో తమాషా ఏంటంటే, దెబ్బ తగిలిన కోలాకి వెటర్నరీ డాక్టరు మెలాక్సికామ్ అనే నొప్పి మందు ఇస్తే, దాన్ని కూడా విషం కింద లెక్కేసి గబగబా వదిలించేసుకుంటుంది. నొప్పి తగ్గేలోపే మందు అయిపోతుంది. మిగతా జంతువుల డోసు లెక్కలు దీని దగ్గర పనిచేయవని ఇక్కడి డాక్టర్లు మొత్తుకుంటారు.

తరవాత పేగు. మనకి అపెండిక్స్ వేలాడే చోట సీకం అని నాలుగు వేళ్ళ వెడల్పు తిత్తి ఉంటుంది. కోలాకి అదే సుమారు 2 మీటర్ల పొడవు. నమిలిన ఆకుని అందులో వేసుకుని, బ్యాక్టీరియా చేత రోజుల తరబడి పులియబెట్టించుకుంటుంది. ఇంత చేసినా వచ్చే శక్తి అంతంతమాత్రం. అందుకే రోజుకి 18 నుంచి 20 గంటలు కదలదు. నువ్వు దాన్ని సోమరితనం అన్నావు. నేను చేతిలో డబ్బుల్లేని వాడి పొదుపు అంటాను. మెదడు కూడా చిన్నది, ముడతలు లేకుండా నున్నగా ఉంటుంది. దాన్ని చూపించి తెలివితక్కువదని వెక్కిరించేవాళ్ళున్నారు. తినేది ఆకూ, దొరికేది అరకొరా అయినప్పుడు పెద్ద మెదడుని పోషించడానికి ఎక్కణ్ణించి తెస్తుంది?

ఇక ఎంపిక. ఈ దేశంలో యూకలిప్టస్ జాతులు 700 దాకా ఉన్నాయి. కోలాలు తినేవి కొన్ని పదులు, ఒక్కో ప్రాంతంలో చూస్తే నాలుగైదు రకాలే ముఖ్యం. ఆ ముక్కు చూశావుగా, నల్లగా, ముఖంలో సగం అదే. ప్రతి ఆకునీ వాసన చూశాకే నోట్లో పెట్టుకుంటుంది. ఒకే జాతి చెట్లు రెండు పక్కపక్కనే ఉంటే ఒకటి ఎక్కి, రెండోదాన్ని ముట్టకపోవచ్చు, ఎందుకంటే ఒక్కో చెట్టులో విషం పాళ్ళు ఒక్కోలా ఉంటాయి. అందుకే "అడవి ఉందిగా, ఈ పది చెట్లు కొట్టేస్తే ఏమైంది" అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పదే దాని వంటిల్లు కావచ్చు.

చివరికి దాని ఆయుష్షు తీరేది కూడా ఈ ఆకుతోనే. ఏళ్ళ తరబడి పీచు నమిలి నమిలి దవడ పళ్ళు అరిగిపోతాయి. ముసలి కోలా ఆకుల మధ్యే కూర్చుని, నమల్లేక చిక్కిపోతుంది.

ఇప్పుడు పిల్లల సంగతి. ఇది చిన్నితల్లికి చెప్పేటప్పుడు ఒక ముక్క దాటెయ్, ఎందుకో నీకే తెలుస్తుంది. కోలా ఎలుగుబంటి కాదు, కంగారూలాగా పొట్టకి సంచి ఉన్న జాతి. గర్భం 35 రోజులే. పుట్టినప్పుడు పిల్ల 2 సెంటీమీటర్లు, బరువు అర గ్రాము. కళ్ళు లేవు, చెవుల్లేవు, ముందు కాళ్ళతో పాక్కుంటూ తనంతట తానే సంచిలోకి చేరి పాల చనుని పట్టుకుంటుంది. ఆరు నెలలు అక్కడే. ఆ తరవాత ఆకు అలవాటు చేసుకోవాలి. కానీ పేగులో ఆ బ్యాక్టీరియా లేకపోతే ఆకు అరగదు కదా. అందుకని తల్లి మామూలు పెంటికలు కాకుండా, సీకంలోంచి వచ్చే మెత్తటి పదార్థాన్ని విడిగా విసర్జిస్తుంది. పిల్ల సంచిలోంచి మూతి బయటపెట్టి దాన్ని తింటుంది. ఇక్కడ దాన్ని పాప్ అంటారు. తల్లి ఇచ్చే అన్నప్రాశన అదేరా! నువ్వు ప్రోబయోటిక్ సాషేలు ఎమ్మార్పీకి అమ్ముతున్నావు, అవి లక్షల ఏళ్ళుగా ఉచితంగా ఇస్తున్నాయి. ఆ తరవాత ఏడాది వయసు వచ్చేదాకా తల్లి వీపు మీద సవారీ.

యూ యాంగ్స్ గురించి చెప్పాలి. మావైపు తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే టార్నీట్, వెరిబీ నుంచి జీలాంగ్ వెళ్ళే దారిలో కుడివైపు మైదానం మధ్యలో గ్రానైటు గుట్టలు కనిపిస్తాయి, అవే. మనవాళ్ళు కొండెక్కి సెల్ఫీ తీసుకుని దిగిపోతారు. కోలాలు మాత్రం కింద చెట్లలోనే ఉంటాయి. తల ఎత్తి వెతికితే దొరకవు, ముందు నేల చూడాలి. చెట్టు మొదట్లో తాజా పెంటికలు, బెరడు మీద గోళ్ళ గీతలు ఉంటే అప్పుడు పైకి చూడాలి. కొమ్మల చీలికలో బూడిదరంగు మూట ఒకటి కదలకుండా ఉంటుంది. గూడు కట్టుకోవు, తోక లేదు, వెనక భాగంలో బొచ్చు దట్టంగా ఉంటుంది, దాని మీదే గంటలకొద్దీ కూర్చుంటాయి. ముందు పాదానికి రెండు బొటనవేళ్ళు, కొమ్మని పట్టుకోవడానికి. అక్కడ పనిచేసే వాళ్ళు ప్రతి కోలానీ విడిగా గుర్తుపడతారు. ముక్కు రంధ్రాల చుట్టూ గులాబీ, తెలుపు మచ్చలుంటాయి, అవి ఏ రెండింటికీ ఒకేలా ఉండవట. అలా ముక్కులు చూసి పేర్లు పెట్టి, ఏళ్ళ తరబడి లెక్కలు రాసుకుంటున్నారు.

ఆ కొండల్లో రాసుకున్న వివరాలతోనే 2020లో ఒక సంగతి బయటపడింది. కోలాలు నీళ్ళు తాగవు, ఆకులోని తడే చాలని అందరూ చెప్పేవాళ్ళు. వాన పడేటప్పుడు కొమ్మ దిగకుండానే, బెరడు మీద జారే నీటిని నాకుతాయని ఫొటోలు, వీడియోలతో సహా తేలింది. అంతకుముందు 2014లో, వేరేచోట ఇంకొకటి. ఎండ ముదిరిన రోజుల్లో ఇవి తిండికి పనికిరాని వాటిల్ అనే తుమ్మ జాతి చెట్లెక్కి మానుని కౌగిలించుకుని పడుకునేవి. థర్మల్ కెమెరాతో చూస్తే మాను చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లగా ఉంది. పొట్ట దానికి ఆనించుకుని వేడి దించుకుంటున్నాయన్నమాట. ఫొటోల్లో చూసి "ఎంత ముద్దుగా కౌగిలించుకుందో" అంటాం గానీ, అది ఎండకి అల్లాడుతున్న ప్రాణి.

నోరు లేని జీవి అనుకుంటున్నావేమో. సెప్టెంబరు నుంచి మార్చి దాకా జత కట్టే కాలం, మగది రాత్రిపూట అరుస్తుంది. మీ పెదనాన్న పాత రాజ్‌దూత్ బండి కిక్కు కొడితే స్టార్ట్ కాకుండా గురగురలాడేది చూడు, అచ్చం అదే చప్పుడు. పది కిలోల జంతువుకి అంత లోతైన గొంతు ఎలా వచ్చిందని వెతికితే, మామూలు స్వరపేటిక బయట ఇంకో జత స్వర తంత్రులు ఉన్నాయని 2013లో కనుక్కున్నారు.

దీన్ని జనం ఏం చేశారో కూడా విను. బొచ్చు కోసం వేటాడారు. 1927లో క్వీన్స్‌ల్యాండ్ ప్రభుత్వం వేటకి అనుమతి ఇస్తే ఒక్క సీజనులో 5 లక్షలకు పైగా తోళ్ళు తీశారు. అప్పుడు జనం నుంచి వచ్చిన వ్యతిరేకతకి మళ్ళీ అలాంటి అనుమతి ఇవ్వలేదు. మా విక్టోరియాలో అప్పటికే దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అంతకుముందెప్పుడో కొందరు ఫ్రెంచ్ ఐలాండ్ అనే దీవిలో వదిలిన కాసిని కోలాలు అక్కడ పెరిగితే, వాటినే తెచ్చి రాష్ట్రమంతా మళ్ళీ నింపారు. కాబట్టి ఇక్కడివి చాలావరకు దగ్గరి చుట్టాలే. కొన్నిచోట్ల అవి మితిమీరి పెరిగాయి కూడా. కేప్ ఆట్వేలో 2013 ప్రాంతంలో చెట్లన్నీ బోడిచేసి, ఆకలికి మాడిపోతుంటే, బాగుపడవనుకున్న వందల కోలాలకి మందిచ్చి చంపాల్సి వచ్చింది. ఉత్తరాన చూస్తే ఉల్టా. క్వీన్స్‌ల్యాండ్, న్యూ సౌత్ వేల్స్, కాన్‌బెరా ప్రాంతాల్లో 2022 ఫిబ్రవరిలో అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు. ఇళ్ళ స్థలాల కోసం చెట్లు కొట్టడం, చెట్టు నుంచి చెట్టుకి నేల మీద నడిచేటప్పుడు కార్లు, కుక్కలు, ఆ పైన 2019-20 కార్చిచ్చులు. ప్రమాదం వస్తే ఇంకా పైకెక్కడమే కోలాకి తెలుసు. కుక్క వస్తే ఆ ఉపాయం పనికొస్తుంది, మంట కొమ్మల మీదికి ఎగబాకితే పనికిరాదు.

జబ్బు విషయం నీకోసమే రాస్తున్నా. క్లమీడియా అనే బ్యాక్టీరియా జబ్బు. కళ్ళు పోతాయి, మూత్రాశయం వాస్తుంది, ఆడవాటికి పిల్లలు పుట్టరు. యాంటీబయాటిక్ ఉంది, కానీ అది పేగులోని బ్యాక్టీరియాని కూడా చంపేస్తే ఆకు అరగక కోలా ఆకలితో పోతుంది. జబ్బు నయమై ప్రాణం పోవడమంటే ఇదే. చివరికి సన్‌షైన్ కోస్ట్ యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసిన టీకాకి 2025 సెప్టెంబరులో అనుమతి వచ్చింది, ఒక్క డోసు చాలు. చాలా రోజుల తరవాత కోలాల గురించి నేను విన్న మంచి వార్త అది.

పేపరు గొడవ ఇక్కడా ఉందిరోయ్. విక్టోరియా నైరుతి మూల పల్ప్ కోసం వేలాది హెక్టార్లలో బ్లూ గమ్ వేశారు, మన నీలగిరి కొండల మీద ఉన్నదే. కోలాలు "మాకోసమే వేశారు" అనుకుని అందులో కాపురం పెట్టాయి. నరికే టైము వచ్చినప్పుడు, మిషను వెళ్ళేముందు చెట్టు చెట్టూ చూసి కోలా ఉందో లేదో చెప్పడానికి మనుషుల్ని పెట్టుకోవాల్సి వస్తోంది. అలా ఖాళీ చేయించినవి ఎక్కడికి పోతాయంటే పక్కన మిగిలిన అడవిలోకే. అసలే కిక్కిరిసిన ఆ వైపే బుడ్జ్ బిమ్ నేషనల్ పార్కులో 2025 మార్చిలో పిడుగు పడి మంటలు రేగాయి. కాలిపోయి, మేత లేక అల్లాడుతున్న కోలాలని ప్రభుత్వం హెలికాప్టర్ల నుంచి కాల్పించింది, వందల్లో. వేరే దారి లేదని వాళ్ళు, ఉందని జంతు ప్రేమికులు. ఎత్తు చెట్ల మీద, కాలిన అడవిలో మనుషులు చేరలేరన్నది నిజమే కావచ్చు. నాకు మాత్రం ఆ వార్త ఇప్పటికీ మింగుడుపడలేదు.

సరే, మీరు వస్తే ఏం చూపిస్తానో చెప్తాను. కోలాని ఎత్తుకుని ఫొటో దిగాలని చెల్లెమ్మ అన్నట్టుంది. మా రాష్ట్రంలో ఎత్తుకోనివ్వరు, సిడ్నీ వైపూ అంతే. బ్రిస్బేన్‌లో లోన్ పైన్ అని 1927 నుంచి ఉన్న పేరున్న చోటుంది, వాళ్ళు కూడా 2024లో ఎత్తుకోనివ్వడం మానేశారు. మంచి పనే చేశారు. దానికి బదులు రేమండ్ ఐలాండ్ తీసుకెళ్తాను. గిప్స్‌ల్యాండ్ సరస్సుల్లో చిన్న దీవి, పేన్స్‌విల్ నుంచి ఫెర్రీ, నడిచి ఎక్కేవాళ్ళకి టిక్కెట్టు కూడా లేదు. 1953లో అక్కడ వదిలిన కోలాల సంతతి ఇళ్ళ ముందు చెట్లలోనే ఉంటుంది, చిన్నితల్లి మెడ నొప్పి పుట్టేదాకా చూడొచ్చు. నవంబరులో అయితే అరుపులూ వినొచ్చు, చలీ ఉండదు. కారులో మూడున్నర నాలుగు గంటలు పడుతుంది కాబట్టి ఒక రాత్రి అక్కడే ఉండాలి.

పిల్లకి స్కూలు సెలవులు ఎప్పుడో కనుక్కుని చెప్పు. ఇక్కడ లీవు ముందే పెట్టకపోతే దొరకదు. విజిటర్ వీసాకి బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇప్పటినుంచే తీసిపెట్టుకో, షాపు కరెంటు అకౌంటుది కూడా.

నీ,
కిట్టు