టెండరుకు ముందే ఊరిని అడగాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మన పట్టణాల్లో ఒక వీధికి సీసీ రోడ్డో, సైడు కాలువో మంజూరైందన్న సంగతి ఆ వీధిలోవాళ్లకు చాలాసార్లు జేసీబీ వచ్చి నిలబడినప్పుడే తెలుస్తోంది. అప్పటికి అంచనాలు తయారై, టెండరు ఖరారై, పని కాంట్రాక్టరు చేతికి వెళ్లిపోయి ఉంటుంది కనుక, అప్పుడు మనం చెప్పే మాట ఎంత సబబైనా పనికి అడ్డం పడుతున్నట్టే కనిపిస్తుంది. అందువల్ల నెల్లూరు నగరంలో చేపట్టబోయే పనులన్నింటినీ టెండరుకు ముందే మ్యాపు మీద చూపించి, ప్రజల సూచనలు తీసుకుని, ప్రతి సూచనకూ గడువులోగా రాతపూర్వకంగా జవాబిచ్చే వెబ్ యాప్ ఒకటి ఏర్పాటు చేయాలని మీ పత్రిక ద్వారా నగరపాలక సంస్థను కోరుతున్నాను.

యాప్‌లు ఇప్పటికే ఉన్నాయి కదా అని కొందరు అనవచ్చు. పురసేవ ఉంది, 2025లో వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలందించే మన మిత్ర కూడా వచ్చింది. వెలగని దీపం గురించి, ఎత్తని చెత్త గురించి చెప్పుకోవడానికి అటువంటివి అవసరమే. కానీ ఫిర్యాదు చేసేది చెడిపోయిన తర్వాత. నేను అడుగుతున్నది కట్టకముందు మాట చెప్పే చోటు.

కొన్నేళ్ల క్రితం నేను మరో పట్టణంలో అద్దెకు ఉన్నప్పుడు మా వీధిలో కాలువ కట్టారు. పనితనంలో వంక లేదు గాని, వాటం తప్పింది. వీధి తూర్పుకు పల్లమైతే కాలువ నీరు పడమటికి పోవాలన్నట్టు కట్టారు. మా ఎదురింటి పెద్దాయన ఆ వీధిలో వాననీరు ఎటు పారుతుందో నలభై ఏళ్లుగా చూస్తున్న మనిషి. ఆయన్ను ఒక్క మాట అడిగినా సరిపోయేది. మొదటి తుపాను వానకే నీళ్లు గడప దాటి లోపలికి వచ్చాయి. బియ్యం బస్తా మంచం మీదికి ఎక్కించి, పిల్లల పుస్తకాలు అటక మీద పెట్టి, తెల్లవార్లూ మేలుకున్నాం. ఆ తర్వాత అదే కాలువను పగలగొట్టి మళ్లీ కట్టారు. రెండుసార్లూ ఖర్చయింది ప్రజల సొమ్మే.

నెల్లూరుకు ఈ సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఇది నీళ్ల నడుమ పెరిగిన ఊరు. ఒకవైపు పెన్న, మరోవైపు స్వర్ణాల చెరువు, ఇళ్ల మధ్య నుంచి సాగే జాఫర్ సాహెబ్ కాలువ, సర్వేపల్లి కాలువ. 2021 నవంబరులో సోమశిల జలాశయం నుంచి వచ్చిన వరదకు భగత్‌సింగ్ కాలనీ వంటి లోతట్టు ప్రాంతాలు మునిగిపోవడం, పడుగుపాడు దగ్గర జాతీయ రహదారీ రైలుమార్గమూ దెబ్బతినడం మనమెవరం మరిచిపోలేదు. ఏ పంటకాలువ ఎక్కడ పూడిపోయింది, వరదనీరు పోయే ఏ దారికి అడ్డంగా ప్లాట్లు వేశారు అన్నది కాపురమున్న పెద్దలకు కళ్లకు కట్టినట్టు తెలుసు. ఆ ఎరుక వాళ్లతోనే పోకముందే మ్యాపులోకి ఎక్కించుకోవాలి.

నేను ఇంజనీరింగ్ కళాశాలలో పాఠం చెబుతాను. మా విద్యార్థులు ఇటువంటి యాప్‌కు ఒక చిన్న నమూనా తయారుచేస్తే, రెండు ఆదివారాలు దాన్ని పట్టుకుని మేముండే డివిజన్‌లో ఇల్లిల్లూ తిరిగాం. ఒక అవ్వ ఫోన్ చేతికి తీసుకుని మ్యాపును అటూ ఇటూ జరిపి, "అమ్మాయా, దీంట్లో మా చింతచెట్టు యాడుంది?" అని అడిగింది. ఆ వీధి మొత్తానికి గుర్తు ఆ చెట్టే. మా మ్యాపులో ఇంగ్లిషు అక్షరాల్లో వీధి పేరు ఉందే తప్ప చెట్టు లేదు, పంపు లేదు, రామాలయం లేదు. ఆ సాయంత్రమే విద్యార్థులు గుర్తులన్నీ తెలుగులో చేర్చారు, టైపు చేయలేనివాళ్లు మాట్లాడి పంపే వీలు కూడా పెట్టారు. మరుసటి ఆదివారం అదే అవ్వ చెట్టు మీద వేలు పెట్టి, వానాకాలంలో అక్కడ మోకాటిలోతు నీళ్లు నిలుస్తాయని తన గొంతుతోనే చెప్పింది. ఇంకో సంగతి, మొదట మేము ఇంటిపన్ను నంబరుతో లాగిన్ పెట్టాం. దానితో అద్దెకున్నవాళ్లందరూ బయటే ఉండిపోయారు. అది తీసేసి ఫోన్‌కు వచ్చే ఓటీపీ చాలన్నాం. ఫోన్ లేనివాళ్ల మాట వార్డు సచివాలయంలో సిబ్బంది రాసిపెట్టాలి.

ఇందుకు కోట్లు పోయనక్కర్లేదు. ప్రజల సూచనలు తీసుకోవడానికి బార్సిలోనా నగరం 2016 నుంచి వాడుతున్న డెసిడిమ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. దాని కోడ్‌ను ఎవరైనా తీసుకుని తమ భాషలోకి మార్చుకోవచ్చు. మన దేశంలోనే పుణె నగరపాలక సంస్థ పౌరులు సూచించిన పనులను బడ్జెట్‌లో చేర్చే పద్ధతిని 2006లో మొదలుపెట్టింది. ఇక చట్టమంటారా, 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలూ అంతకు పైబడి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంటోంది. నెల్లూరు జనాభా 2011 లెక్కలకే దాదాపు ఐదు లక్షలు.

అయితే యాప్ ఎంత బాగున్నా జవాబు రాకపోతే జనం రెండోసారి దాని మొహం చూడరు. మేము తిరిగినప్పుడు ఎక్కువమంది అడిగిన ప్రశ్న కూడా "చెబితే ఎవరు చూస్తారు?" అన్నదే. కాబట్టి ప్రతి సూచన పక్కనా అది ఏ అధికారి దగ్గరుందో, ఏ తేదీలోగా తేలుస్తారో అందరికీ కనిపించాలి. ఒప్పుకుంటే అంచనాలో ఏం మార్చారో చూపాలి, కుదరకపోతే ఎందుకు కుదరదో రెండు వాక్యాల్లో రాయాలి. నిధులు లేవనో, స్థలం వివాదంలో ఉందనో నిజం చెబితే అర్థం చేసుకోలేనంత మూర్ఖులు కారు మన జనం.

నగరంలోని 54 డివిజన్లలో ముందుగా రెండింటిని, అందులో ఒకటి పెన్న ఒడ్డున లోతట్టుదాన్ని ఎంచుకుని, రాబోయే బడ్జెట్ పనులతోనే దీన్ని మొదలుపెట్టవలసిందిగా మేయరు గారికి, కమిషనరు గారికి విన్నవించుకుంటున్నాను. మా విద్యార్థుల నమూనాను రుసుమేమీ లేకుండా అప్పగించడానికీ, వార్డు సచివాలయాల సిబ్బందికి ఆదివారాల్లో నేర్పడానికీ మేము సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక అధ్యాపకురాలు,
నెల్లూరు